నడిపించి చూపని బేరం

మా అన్న పేరు తిరుపాల్. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకీ రేషన్ కార్డుకీ తప్ప ఎవరికీ తెలియదు. హిందూపురంలో మా వీధి మొదట్లో నిలబడి తిరుపాల్ ఇల్లెక్కడని అడగండి, తల గోక్కుంటారు. హ్యాండికాప్ ఇల్లని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గడప ముందు నిలబెడతారు. నేను హ్యాండికాప్ చెల్లెలిని. మా అమ్మ పాపమ్మ హ్యాండికాప్ వాళ్ళమ్మ. వీధి మొత్తానికి ఒక్క ఇంగ్లీషు ముక్క వస్తే దాన్ని తెచ్చి మా కొంపకే అంటించారు.

ఎవరూ చెడ్డ మనసుతో అనరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తిట్టేవాళ్ళతో కొట్లాడొచ్చు, జాలిపడేవాళ్ళతో ఏం కొట్లాడతాం? ఒకసారి ఉండబట్టలేక పక్కింటి వెంకటక్కను అడిగేశాను, పేరు పెట్టి పిలిస్తే నోరేమైనా అరుగుతుందా అని. ఆమె బుగ్గలు నొక్కుకుంది.

"కుంటోడు అంటే తప్పు గదమ్మా. అందుకే మర్యాదగా ఇంగ్లీషులో అంటాండాం" అంది.

అంత మర్యాదకు ఒక దండం పెట్టి ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

మా నాయన ముత్యాలప్ప ఎద్దుల సంతలో దళారి. అన్నకు నడక బాగా కుదురుకుంటున్న వయసులో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఎడమకాలిని తీసుకుపోయింది. పోలియో అన్నారు. నాయన ఆస్పత్రులు తిరిగాడు, దేవుళ్ళకు మొక్కాడు, దర్గాకు తీసుకుపోయాడు. కాలు రాలేదు. ఇక లాభం లేదనుకున్నాక సంతరోజున అన్నను భుజాన వేసుకుపోయి, నీడ చూసి గోనెసంచి పరిచి కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు.

ఎద్దుల బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుతారు. పైన తువాలు కప్పుతారు. ఆ గుడ్డ కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్ని వేళ్ళు కలిపి నొక్కితే ఎంత అన్నది సంత మనుషులకే తెలుసు. పక్కన నిలబడి చూసేవాళ్ళకు రెండు మొహాలు కనబడతాయి, అంతే. అరచేతిలో అరచెయ్యి పెడితే బేరం కుదిరినట్టు. పిడికిలి మూస్తే లేనట్టు. ఒకసారి చెయ్యి ఇచ్చాక మాట తప్పినవాణ్ణి మళ్ళీ ఎవరూ తువాలు దగ్గరికి రానివ్వరు.

అన్నకు అఆలకంటే ముందు ఈ వేళ్ళ లెక్క వచ్చింది. ఇంట్లో తండ్రీకొడుకులు తువాలు కప్పుకుని బేరాలాడేవాళ్ళు. ఎద్దు లేదు కాబట్టి ఒక పండుగనాడు నన్నే ఎద్దుగా నిలబెట్టారు. నడిపించి చూపప్పా అని నాయన అంటే నేను వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. అన్న నన్ను బెల్లం పూర్ణం పెట్టిన రెండు ఓళిగలకు ఇచ్చేశాడు. నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేశాను. నన్ను ఊరుకోబెట్టడానికి ఆ రెండు ఓళిగలూ నాకే పెట్టాల్సి వచ్చింది.

నాయన అన్నకు నేర్పిన సంత ధర్మాల్లో ఒకటి నాకూ బాగా గుర్తు.

"పండుకోనుండే ఎద్దు ప్రతిదీ బాగనే ఉంటాది రా. లేపల్ల, నడిపించల్ల. నడిపించి చూపని ఎద్దుకు చెయ్యిచ్చినా ఆ బేరం చెల్లదు. కొన్నోడు తెల్లారి తెచ్చి కట్టేసి పోయినా నోరెత్తగూడదు" అనేవాడు.

అన్నట్టే బతికాడు కూడా. ఎద్దు ఒంటిమీద చెడ్డ సుడి ఉంటే కొనేవాడు చూడకపోయినా తానే వేలు పెట్టి చూపించేవాడు. అందుకే మడకశిర వైపు రైతులు కూడా ముత్యాలప్ప ఎక్కడ అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆ మడకశిర రైతుల్లోనే ఒకాయన మా అన్న సంత బతుకును ముగించాడు. ఆయన కొన్న ఎద్దు ఇంటికి పోయిన వారానికే కుంటడం మొదలుపెట్టింది. రాయి గుచ్చుకుందో, నరం పట్టిందో ఎవరికి తెలుసు. మరుసటి సంతకు వచ్చి గోనెసంచి మీద కూర్చున్న అన్నను చూపించి, "దుడ్లు పోతే పోనీ ముత్యాలప్పా. ఎద్దుల్ని కొనే చోట ఈ కాలును కూర్చోబెడితే ఇంగేమయితాది?" అన్నాడు. నలుగురూ అవునవునన్నారు. నాయన సంచి మడిచి చంకలో పెట్టుకుని, అన్నను భుజాన ఎత్తుకుని ఇంటికి వచ్చేశాడు. అన్న ఆ తర్వాత సంతకు పోలేదు, తువాలు కింద చెయ్యి పెట్టలేదు.

ఆ రోజు నుంచి నాయనకు ఒక చాదస్తం పట్టుకుంది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, వాళ్ళు వీధి మలుపు తిరగకముందే అన్నను పంచలో చేతుల కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళమీదికి పంచె సర్దేవాడు. వాళ్ళు పోయేదాకా లేవొద్దనేవాడు. సంతలో సుడి కూడా దాచని మనిషి ఇంట్లో కొడుకు నడకను దాచేవాడు. నేను చిన్నప్పుడు అన్నకు పెద్దమర్యాద జరుగుతోందనుకునేదాన్ని. నాకు ఎప్పుడూ చాపే గదా మరి.

తర్వాత అన్న డిగ్రీ చదివాడు. వికలాంగుల సర్టిఫికెట్ తీసుకున్నాడు. ఆ కోటాలో పెనుకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మా బంధువులంతా అదృష్టమంటే నీదేరా అన్నారు, పోలియో కూడా అన్న పరీక్ష రాసి తెచ్చుకున్నట్టు. ఆఫీసులో మొదటిరోజే ఆయనకు కిటికీ పక్కన ఒక కుర్చీ చూపించారు. ఫైళ్ళు ఆయన దగ్గరికే వస్తాయి. టీ ఆయన దగ్గరికే వస్తుంది. పల్లెలు తిరిగే పని ఇవ్వండి సార్, మూడుచక్రాల స్కూటర్ ఉంది, పోతాను అని అన్న ఎన్నిసార్లు అడిగాడో. "నీకెందుకప్పా ఆ అగచాట్లు, హాయిగా కూర్చో" అనేవాళ్ళు. ఆఫీసువాళ్ళందరూ కొండ ఎక్కడానికి పోయిన రోజున అన్నను కింద నీడలో కూర్చోబెట్టి, సంచులూ టిఫిన్ డబ్బాలూ ఆయన పక్కన పెట్టి పోయారు. సాయంత్రం అన్న ఇంటికి వచ్చి ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. పెనుకొండలో ఇన్నేళ్ళు పనిచేసి కొండను కింద నుంచే చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పొద్దున రైలు, సాయంత్రం రైలు, రెండు కుర్చీలు. అన్న బతుకు ఇట్లా పోతుండగా మా అమ్మ తమ్ముడు కుళ్ళాయప్ప మామ ఒక సంబంధం తెచ్చాడు.

బత్తలపల్లి క్రాసులో విత్తనాల అంగడి ఉన్న తిమ్మయ్యకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు కృష్ణకాంత్‌కు ధర్మవరంలో మగ్గాలున్నాయి. నలభై దాటుతున్నా పెళ్ళి కాలేదు. కూతురు భారతి ధర్మవరంలోనే ఒక చీరల షాపులో లెక్కలు చూస్తుంది. ఆమెను మా అన్నకు ఇస్తారు. బదులుగా నన్ను కృష్ణకాంత్‌కు ఇవ్వాలి. కుండమార్పు అంటారు దీన్ని మా వైపు. వాళ్ళ కుండ మా ఇంటికి, మా కుండ వాళ్ళ ఇంటికి.

"ఊరికే ఎవురిస్తారు చెప్పక్కా హ్యాండికాప్‌కు?" అన్నాడు మామ మా అమ్మతో. "మన పాప ఉండాది కాబట్టి అడిగేదానికి నోరొచ్చె."

నేను అప్పటికి హిందూపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ పని నాకు ప్రాణం. తొమ్మిదో తరగతి పిల్లలు నా వెనక నా నడకను అనుకరిస్తారని తెలిసినా ప్రాణమే. కృష్ణకాంత్ చూడటానికి వచ్చినప్పుడు కాఫీ తాగి, "ధర్మవరం నుంచి ఈడికి వచ్చి పోయేదానికి కాదు గదా, స్కూలు మానేస్తాదిలే. ఇంట్లో మగ్గాల కాడ మనిషి కావాల" అన్నాడు, నాతో కాదు, మా నాయనతో. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాటను మా అమ్మ పొద్దున లేస్తే చెప్పేది. చెడ్డవాడు కాని ప్రతివాణ్ణీ పెళ్ళి చేసుకుంటూ పోతే ఎట్లాగమ్మా అని అడగాలనిపించేది.

అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలుసు. నేను కాదంటే అన్న పెళ్ళి ఆగుతుంది. అవునంటే నా బతుకు ఆగుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అట్లా ఉంది నా పని. "అన్న శానా ఆశ పెట్టుకున్యాడు" అని అమ్మ నాతో చెప్పింది. "పాప సంతోషంగా ఒప్పుకునింది" అని అన్నతో చెప్పింది. అమ్మను నేను తప్పు పట్టను. ఆమె కొడుకు పెళ్ళి కోసం ఎన్ని గుళ్ళ మెట్లు కడిగిందో నాకు తెలుసు.

నాయనా మామా బత్తలపల్లి పోయి, తిమ్మయ్యతో తువాలు కింద మాట ముగించి వచ్చారు. పెళ్ళి మాటలైనా సరే, మా నాయన నలుగురిలో నోటితో చెప్పడు. ఎవరెంత ఖర్చు పెట్టుకోవాలో, ఎప్పుడు చేయాలో అన్నీ వేళ్ళతోనే. అన్నను తీసుకుపోలేదు. కుర్చీలో కూర్చున్న ఫోటో ఒకటి పట్టుకుపోయారు. కాలు సంగతి ఏం చెప్పారని నేను మామను అడిగితే, "కొంచిం ఈడుస్తాడు అని చెప్పినాంలే" అన్నాడు.

కొంచెమట. మా అన్న కుడిచేత్తో కర్ర పట్టుకుని, ఎడమచేత్తో మోకాలిని అదిమిపట్టి, అడుగడుక్కీ నడుం దాకా వంగి లేస్తాడు.

అన్నా భారతీ ఫోన్లో మాట్లాడుకోవడం మొదలైంది. అన్న సాయంత్రం హిందూపురం స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని మాట్లాడి, ఆ తర్వాత ఇంటికి వచ్చేవాడు. వచ్చేటప్పుడు ఆయన మొహం చూడాలి. ఒకరోజు చొక్కాకు ఇస్త్రీ చేసిపెట్టమన్నాడు. ఇంకోరోజు, ఏ రంగు చీర బాగుంటుంది పాపా అని నన్నడిగి తానే సిగ్గుపడ్డాడు. నేను ఆకుపచ్చ అన్నాను. నాకు సంతోషమేసింది, ఏడుపొచ్చింది, అన్నమీద కోపం కూడా వచ్చింది. ఇవన్నీ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తుంది? పిల్లల పేపర్లు ముందేసుకుని దిద్దుతూ కూర్చున్నాను. ఆ రోజు అందరికీ తక్కువ మార్కులే పడ్డాయి.

డిసెంబరులో వికలాంగుల దినోత్సవం వచ్చింది. ఏటా ఆ రోజున పెనుకొండలో మీటింగు పెడతారు, ఏటా అన్నను స్టేజీ ఎక్కిస్తారు. ఎక్కించేటప్పుడు ఇద్దరు రెండు చంకల కింద పట్టుకుంటారు. ఆ సంవత్సరం ముఖ్య అతిథిగా వచ్చినాయన మంచి మాటకారి. హ్యాండికాప్ అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా అని సభనడిగి తానే చెప్పాడట. ఇంగ్లండులో వెనకటికి యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళు బతుకు గడవక టోపీ చేత పట్టుకుని వీధుల్లో అడుక్కునేవాళ్ళట, చేతిలో టోపీ కాబట్టి ఆ పేరు వచ్చిందట, అట్లాంటి స్థితి నుంచి ఈరోజు ఉద్యోగాలు చేసే స్థితికి తెచ్చామట. అందరూ చప్పట్లు కొట్టారు. అన్న శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా కొట్టాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి శాలువా మడతపెట్టి బీరువాలో మిగతా శాలువాల మీద పెట్టాడు. కాఫీ వద్దన్నాడు.

"పాపా, ఈ ఊర్లో నన్నందరూ పిలిచేది అడుక్కుతినేవాడా అనేనా?" అన్నాడు.

"ఎవరన్నారు?"

జరిగింది చెప్పాడు. "నువ్వు ఇంగ్లీషు టీచరు గదా. నిజమో కాదో చూసి చెప్పు" అన్నాడు.

నిజానికి ఆ టోపీ కథ నేనూ విన్నాను. నిజమే కాబోలనుకున్నాను. ఆ మాట చెప్పకుండా ఫోను తీసి వెతికాను. వెతికేకొద్దీ నాకే ఆశ్చర్యమేసింది. అడుక్కోవడం అన్నది ఎవరో తర్వాత అల్లిన కథ. మాట పుట్టింది బేరంలో.

"అన్నా, ఇది వస్తువులు మార్చుకునే ఆట" అన్నాను. "నీ దగ్గర గడియారం ఉంది. నా దగ్గర కోటు ఉంది. మార్చుకుందాం అనుకున్నాం. రెండూ ఒక ధర కాదు గదా. మూడో మనిషిని పిలుస్తాం. తేడా ఎంతో, ఎవరు పైన ఎంత కలపాలో ఆయన చెబుతాడు. అప్పుడు మనం టోపీలో చెయ్యి పెడతాం. ఒప్పుకున్నామా లేదా అన్నది చెయ్యి బయటికి తీసినప్పుడే తెలుస్తుంది. టోపీలో చెయ్యి, హ్యాండ్ ఇన్ క్యాప్. అదే పోయి పోయి హ్యాండికాప్ అయ్యింది."

అన్న కుర్చీలో ముందుకు వంగాడు. "ఇది మన సంత గదా పాపా! టోపీ తీసి తువాలు కప్పితే మన నాయనే గదా!"

"అవును."

"మరి ఆ మాట నాకెట్ల తగులుకునె?"

అది కూడా చదివి చెప్పాను. ఆ ఆట నుంచి మాట గుర్రప్పందేలకు పోయింది. అన్ని గుర్రాలూ ఒక్కటిగా పరిగెత్తవు కాబట్టి, పందెం సమంగా ఉండాలని, పెద్దమనిషి చూసి కొన్ని గుర్రాలమీద బరువు వేయిస్తాడు. ఆ బరువును హ్యాండికాప్ అన్నారు. ఆనక మనిషిని వెనక్కి లాగేది ఏదైనా హ్యాండికాప్ అయింది. చివరికి వచ్చి కాళ్ళు లేనివాళ్ళ మీదా కళ్ళు లేనివాళ్ళ మీదా పడింది.

"ఏ గుర్రానికి ఏస్తారు బరువు? కుంటిదానికా?" అని అడిగాడు అన్న.

"కాదన్నా. బాగా పరిగెత్తేదానికి. మిగతావి దాన్ని అందుకోవాలి గదా."

వంటింట్లో అమ్మ రాగిసంగటి కెలుకుతున్న చప్పుడు వినబడుతోంది. అన్న నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. లేచి పోదామనుకున్నాను.

"టోపీలో రెండు పక్కలోళ్ళూ చెయ్యి పెట్టాల్నా?"

"పెట్టాలి. ఒక్కరు కాదన్నా మార్పు లేదు."

"బత్తలపల్లిలో తువాలు కింద నీ చెయ్యి ఉండిందా?"

నాకు అబద్ధాలు చెప్పడం బాగానే వచ్చు, బళ్ళో ఇన్‌స్పెక్షన్లప్పుడు చెబుతూనే ఉంటాను. ఆ క్షణాన మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సరేలే" అన్నాడు అన్న. "పేరు నాకి పెట్టినారు. బరువు తెచ్చి నీకి ఏసినారు."

ఆ మాట తర్వాత నేను గట్టిగా ఏడ్చాను. ఎన్ని నెలల ఏడుపో అది. అమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

మరునాడు పొద్దున అన్న నాయనను అడిగాడు, ఈ మార్పు వద్దని చెప్పి రమ్మని. నాయన వాకిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో నుంచే జవాబు చెప్పాడు.

"చెయ్యిచ్చినా రా. ముత్యాలప్ప చెయ్యి అది. ఇయ్యాల దాకా వెనక్కి రాలేదు."

"నన్నడిగినావా? పాపనడిగినావా?"

"ఎద్దునడిగి అమ్ముతారా యాడన్నా?" అనేశాడు నాయన.

అన్నాక తానే గతుక్కుమన్నాడు. బ్లేడు ఆగిపోయింది. కానీ నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడం కూడా మా నాయనకు చేతకాదు. మొహం కడుక్కుని తువాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అన్న ఆ రోజు ఆఫీసుకు పోతూ నాతో ఏమీ అనలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. స్కూల్లో హెడ్మాస్టరుకు ఏమని రాసివ్వాలో మనసులో వాక్యాలు కూడా కూర్చుకున్నాను.

తాంబూలాలకు ఆదివారం పెట్టుకున్నారు. తిమ్మయ్య, ఆయన భార్య, కృష్ణకాంత్, ఇంకా వాళ్ళ వైపు పెద్దలు కొందరు బత్తలపల్లి నుంచి కారు మాట్లాడుకుని వచ్చారు. పద్ధతి కాదని భారతిని తీసుకురాలేదు. వాళ్ళు రాకముందే నాయన అన్నకు కొత్త పంచె కట్టించి, పంచలో కుర్చీలో కూర్చోబెట్టి, కర్ర తీసుకుపోయి గదిలో దాచాడు. నాకు అమ్మ పట్టుచీర కట్టింది. ధర్మవరం చీరే, వాళ్ళు పంపిందే. వాకిట్లో చాపలు పరిచారు. గోడమీద నుంచి వెంకటక్క తల కనబడుతోంది.

కాఫీలయ్యాయి. కుళ్ళాయప్ప మామ ఇద్దరికీ మధ్యలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. తాంబూలం పళ్ళెం చేతికి తీసుకోబోతుంటే అన్న కుర్చీ కిర్రుమంది.

కర్ర లేదు గదా. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని లేచాడు. పంచె ఎగదోపుకున్నాడు, మోకాళ్ళపైకి. ఎడమచేత్తో మోకాలు అదిమి, గోడ పట్టుకుని మెట్టు దిగాడు. వాకిట్లోకి వచ్చాక గోడ కూడా లేదు. ఒక అడుగు, వంగి లేవడం. ఇంకో అడుగు, వంగి లేవడం. అందరి మధ్యగా నడిచాడు. చాపల మీదివాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"కూర్చో నాయనా, కూర్చో" అని అమ్మ ఏడుస్తోంది.

వాకిలి చివరున్న కొళాయి దాకా పోయాడు. తిరిగేటప్పుడు తూలాడు. నేను లేవబోతే వద్దని చెయ్యి చూపించాడు. మళ్ళీ వెనక్కి నడిచి తిమ్మయ్య ముందర నిలబడ్డాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"కుళ్ళాయప్ప మామా, నువ్వు మధ్యమనిషివి. సంత మాట చెప్పు" అన్నాడు రొప్పుతూ. "నడిపించి చూపకుండా చెయ్యిస్తే ఆ బేరం నిలబడతాదా?"

మామ నాయన వైపు చూశాడు. నాయన నేల చూశాడు. ఏళ్ళుగా మేమంతా ఆయన నోట విన్న మాటే అది, కాదనడానికి లేదు.

"నిలబడదప్పా" అన్నాడు మామ మెల్లగా.

తిమ్మయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "కొంచిం అంటివే ముత్యాలప్పా" అన్నాడు. అంతకంటే గట్టిగా అనలేదు, పెద్దమనిషే. కొడుకు వైపు చూశాడు. కృష్ణకాంత్ నా వైపు చూసి తల దించుకున్నాడు, వద్దని మాత్రం అనలేదు. అప్పుడు తిమ్మయ్య భుజం మీది తువాలు తీశాడు.

"సరే. తేడా అయితే ఉండాది. పైన ఏమన్నా కలుపుతావేమో చూద్దాం, రా" అని కుడిచెయ్యి చాచి, తువాలు కప్పాడు.

అయితే ఇది తెగేది కాదు. అన్న అంత అవమానం మోసి నడిస్తే వచ్చిందేమిటి, తూకంలో తేడా ఇంకొంచెం పెరిగింది. ఆ పెరిగింది కూడా తిరిగి తిరిగి నా నెత్తినే పడుతుంది. నాయన చెయ్యి అలవాటుకొద్దీ లేచింది.

దానికంటే ముందు అన్న చెయ్యి పోయింది. నిలబడినవాడు తిమ్మయ్య ముందు కూలబడి, తువాలు కింద చెయ్యి పెట్టేశాడు. సంత వదిలిన తర్వాత ఆయన ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టడం అదే మొదలు. లోపల ఏం జరుగుతోందో మాకు కనబడదు. మొహాలే కనబడతాయి. తిమ్మయ్య ఒకసారి అడిగాడు, కనుబొమ్మలు లేచాయి. ఇంకోసారి అడిగాడు. మూడోసారి ఆయన మొహంలో ఒకరకమైన దయ కనబడింది, ఏదో బాగా తగ్గించినట్టు. అన్న మొహం కదలలేదు. పెదవులు మాత్రం బిగించి ఉన్నాయి.

తిమ్మయ్య తువాలు లాగేశాడు. అన్న పిడికిలి మూసి ఉంది. గుడ్డ తీసినా తెరవలేదు.

చిన్నప్పుడు రెండు ఓళిగలకు నన్ను అమ్మేసినవాడు ఆయనే.

వాళ్ళు వెళ్ళిపోయారు. కారు కదలకముందే నేను చీర మార్చుకుని, వాళ్ళ పట్టుచీర మడిచి అందులో పెట్టేశాను. వెంకటక్క తల గోడ వెనక్కి దిగిపోయింది. నాయన గదిలోకి పోయి, దాచిన కర్ర తెచ్చి అన్న కుర్చీకి ఆనించి బయటికి వెళ్ళిపోయాడు. కోపమో ఇంకేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సంతకు పోతున్నాడు, వస్తున్నాడు, అన్నతో మాత్రం సరిగా మాట్లాడటం లేదు. అన్న పొద్దున రైలుకు పెనుకొండ పోతున్నాడు. ఆ కుర్చీ ఆయనకోసం కిటికీ పక్కన ఎదురుచూస్తూనే ఉంది. నేను స్కూలుకు పోతున్నాను. పిల్లలు నా నడకను అనుకరిస్తున్నారు. నేను బయటపడ్డాను, అన్న లోపలే ఉండిపోయాడు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు బడి మెట్లెక్కడం కూడా తప్పులా ఉంటుంది.

ఆ ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు భారతి ఫోన్ చేసింది. అన్న పంచలో కుర్చీలో కూర్చునే మాట్లాడాడు. ఎక్కువసేపు మాట్లాడలేదు. ఫోను పెట్టేశాక నేను పోయి గడప మీద కూర్చున్నాను.

"ఏమంది?"

"నేను నడిచేది ఆమెకి ముందే తెల్సంట. పెనుకొండ స్టేషన్లో చూసిందంట, ఫోటో చూసినాక నేనే అని గుర్తుపట్టిందంట. అయినా సరే అనుకునిందంట." అన్న కర్రను అటూ ఇటూ తిప్పుతున్నాడు. "వాళ్ళన్నకి తనకల్లులో ఇంకో పిల్లని చూస్తాండారంట. ఆ ఇంట్లో ఆ పిల్లకి ఒక అన్న ఉండాడంట. ఈమెని ఆడికిస్తారు."

ఆమె చెయ్యి తువాలు కింద ఉంటుందా అని నేను అడగలేదు. అన్న కూడా ఆమెను అడిగి ఉండడు. అడిగి చేసేదేముంది.

లోపల్నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. నేను లేచి అన్న చంకలో చెయ్యి వేయబోయాను. ఆయన తల అడ్డంగా ఆడించాడు.

"కొంచిం సేపు కూచోనీ పాపా" అన్నాడు. "ఈ పొద్దు శానా దూరం నడిచినా."